నక్కకీ నాకలోకానికీనా, నాగలోకానికీనా?

వలస_పిట్ట: పోయిన వారం జపాన్‌లో, క్యోటోలో ఫుషిమి ఇనారి గుడికి వెళ్లాను. వరిపంటకీ వ్యాపారానికీ దేవత. ఎటు చూసినా రాతి నక్కలే. ఒకదాని నోట్లో వరికంకి, ఇంకోదాని నోట్లో ధాన్యపు కొట్టు తాళంచెవి. మా అమ్మమ్మ మాట గుర్తొచ్చింది, "నక్కకీ నా..లోకానికీ ఉన్నంత దూరం" అని. మధ్యలో ఉన్నది క నా, గ నా?

గోదారిగట్టు: నాగలోకమే. నక్కది బొరియ. ఎంత తవ్వినా పాతాళం అందదు. అదీ దూరం.

పాత_నిఘంటువు: నాకలోకం, అంటే స్వర్గం. అమరకోశంలో "స్వరవ్యయం స్వర్గనాక..." మర్చిపోయారా? న+అకం, దుఃఖం లేనిది. నాకం వాడుకలోంచి పోయాక జనం నోట్లోకి పాము దూరింది.

గోదారిగట్టు: అమరం బట్టీ పట్టినవాళ్లు సామెతలు పుట్టించరు మాస్టారూ.

పాత_నిఘంటువు: నక్క, నాక. ఆ క పోతే సామెత కుంటుతుంది. మీకు చెవి లేదా?

చిత్తు_కాగితం: అసలు ఇనారిలో ఆ దీర్ఘమే మనం తగిలించింది, వాళ్లది ఇనరి. "ఇనె నరి", అంటే వరి పండటం, అరిగి అలా అయిందంటారు. యమషిరో ఫుదోకి అనే పాత స్థలచరిత్ర గ్రంథంలో కథ ఉంది. హత అనే వంశపు ధనికుడు మోచి (బియ్యప్పిండి) ముద్దని గురిగా పెట్టి బాణం వేస్తే అది తెల్ల పిట్టై ఎగిరి కొండ మీద వాలింది, అక్కడ వరి మొలిచింది. పేరుకోసం అల్లిన కథలాగే ఉంది నాకు. మీ న+అకం కూడా అంతే.

పాత_నిఘంటువు: రెంటికీ పోలికేంటండీ!

మల్లెపందిరి: ఇనారి అంటే నాకు జపాన్ రాణివాసపు రచయిత్రి సెయ్ షోనగోనే. వెయ్యేళ్ల కిందట ఆ కొండ సగం ఎక్కేసరికి కన్నీళ్లొచ్చాయి ఆవిడకి. నలభై దాటిన ఒకామె బట్టలు ఎగచెక్కుకుని, "ఏడుసార్లు ఎక్కుతున్నా, మూడయ్యాయి, ఇంకో నాలుగు ఓ లెక్కా" అంటూ దిగిపోయిందట. తన పుస్తకంలో అసూయ పుట్టించే వాటి జాబితాలో రాసుకుంది పాపం.

వలస_పిట్ట: నేనూ సగంలోనే కూలబడ్డాను. కొండ 233 మీటర్లే! ఎర్ర తోరణాల వెనక దాతల పేర్లు చదువుతూ కూర్చున్నా. మన గుళ్లో ట్యూబ్‌లైట్ మీద రాసినట్టే.

గోదారిగట్టు: అక్కడ నక్కే దేవతా?

వలస_పిట్ట: కాదండీ, దేవత దూత.

మల్లెపందిరి: అయితే అక్కడ నక్కకీ నాకలోకానికీ దూరమే లేదు!

పాత_నిఘంటువు: చూశారా, నాకలోకం అన్నారు.

చిత్తు_కాగితం: పైగా వాళ్ల నక్క, కిత్సునె, మన నక్క కాదు, గుంటనక్క.

గోదారిగట్టు: గుంట! బొరియ! పాతాళం! నేను ముందే చెప్పలా?