ఏసీ ఔట్‌డోర్ మోతకి రాత్రి నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి?

అమలాపురం_సందు
అమలాపురంలో మాది డాబా ఇల్లు. పక్కింటికీ మాకూ మధ్య నాలుగడుగుల సందు. టన్నున్నర ఏసీ, ఇన్వర్టర్ రకం కాదు. ఔట్‌డోర్‌ని పడకగది గోడకే బ్రాకెట్లు కొట్టి బిగించారు. పగలు ఎవరికీ పట్టదు. ఊరు సద్దుమణిగాక మొదలవుతుంది. కంప్రెసర్ అందుకోగానే గోడలోంచి ధబ్‌మని ఒక దెబ్బ, ఆపైన ఒకటే గుయ్‌మనే మోత. అమ్మ మంచం తలవైపు ఆ గోడే. "ఏసీ వద్దురా, ఫ్యానే నయం" అంటోంది. పక్కింటి పిన్నిగారు నోటితో ఏమీ అనరు గానీ, కిటికీ తలుపు వేసే తీరులోనే అంతా చెప్పేస్తారు. ఔట్‌డోర్ చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టిద్దామనుకుంటున్నాను. పనిచేస్తుందా అండీ?

గట్టుమీద_కుర్చీ
ఏసీ తీసేసి కూలర్ పెట్టుకోండి, గొడవ వదిలిపోద్ది.

భీమవరం_చల్లగాలి
కూలర్ మన ఉక్కపోతకి పనికిరాదండి. గాలిలో అసలే ఇంత తేమ ఉంటే నీళ్లు ఆవిరయ్యేదెప్పుడు, చల్లబడేదెప్పుడు? పక్కబట్టలు చెమ్మగిల్లడం తప్ప.

సందుగారూ, ఏసీ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి, చెబుతున్నాను వినండి. పెట్టె మాత్రం కట్టొద్దు. గదిలో వేడిని బయటికి తోలడమే ఔట్‌డోర్ పని. ఆ వేడి పెట్టెలోనే తిరిగితే కంప్రెసర్ ఇంకా ఎక్కువసేపు ఆడుతుంది, బిల్లు పెరుగుతుంది. మోత తగ్గుతుందా అంటే అదీ లేదు. అమ్మగారికి ఎక్కువగా వినపడేది గాలిలో వచ్చే చప్పుడు కాదు, బ్రాకెట్ పట్టుకుని గోడలోకి పాకే అదురు.

రాత్రి రిమోట్‌లో ఫ్యాన్ మోడ్ పెట్టి చూడండి. బయట యూనిట్ ఆగిపోతుంది. మోత కూడా ఆగితే దోషం బయటిదే. ఆగకపోతే లోపల బ్లోయర్‌కి మట్టి పట్టిందన్నమాట. తర్వాత కూల్‌లో ఆడుతుండగా ఔట్‌డోర్ పై రేకుని అరచేత్తో నొక్కి పట్టండి. ఫ్యాన్ వైపు చెయ్యి పోనివ్వకండి. నొక్కగానే మోత తగ్గితే స్క్రూ వదులు. వెనకాల కూడా చూడండి, మిగిలిన రాగి పైపుని చుట్ట చుట్టి వదిలేస్తారు మావాళ్లు. అది రేకుకి తగిలి జరజరమంటూ ఉంటుంది. మెయిన్ ఆపేసి, మధ్యలో పాత సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టి కట్టేయండి. పైపు వంచొద్దు, నొక్కుకుపోతే గ్యాస్ దారి మూసుకుంటుంది.

యూనిట్ కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు ఉన్నాయా? ఎండకి బిరుసెక్కి రాయిలా అయిపోతే ఉన్నా లేనట్టే. గోడ తొమ్మిదంగుళాలదా, నాలుగున్నరదా?

రాజోలు_ఉప్పుగాలి
బ్రాకెట్ బోల్టులు కూడా చూసుకోండి. మా వైపు సముద్రం గాలికి తుప్పు పట్టి, గోడలోనే వదులైపోతాయి. వోల్టేజీ సంగతీ ఉంది. ఆక్సిజన్ పడిపోయేది రాత్రిపూటే కాబట్టి రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ మోటార్లన్నీ అప్పుడే తిప్పుతారు. మా లైన్లో వోల్టేజీ దిగిపోయి కంప్రెసర్ మూలుగుతుంది, స్టెబిలైజర్ టక్‌టక్‌మంటుంది. అలాంటప్పుడు ఎన్ని ప్యాడ్లు వేసినా ఏం లాభం!

గట్టుమీద_కుర్చీ
2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. పిన్నిగారికి చెప్పకండి.

అమలాపురం_సందు
ఫ్యాన్ మోడ్‌లో నిశ్శబ్దం, కాబట్టి బయటిదే. పైపు చుట్ట నిజంగానే రేకుని ఆనుకుని ఉంది. ట్యూబ్ ముక్కతో కట్టాక జరజర పోయింది, గుయ్ మాత్రం ఉంది. మా స్టెబిలైజర్ మీద అంకె నిలకడగానే ఉంది. గోడ నాలుగున్నరే అండీ.

భీమవరం_చల్లగాలి
అయితే ప్యాడ్లు మార్చినా కొంతే తగ్గుతుంది. పలచటి గోడ తప్పెట కింద లెక్క. పైగా సందులో చప్పుడు రెండు గోడలకీ కొట్టుకుని పెద్దదవుతుంది. యూనిట్‌ని మేడ మీదికి ఎక్కించండి. స్లాబు మధ్యలో కాదు, కింద బీమ్ ఉన్నచోట దిమ్మె కట్టించి, ప్యాడ్ల మీద కూర్చోబెట్టండి. గాలి వదిలే ముఖం పిన్నిగారి కిటికీ వైపు పెట్టొద్దు. విప్పే ముందు పంప్ డౌన్ చేయమనండి. గ్యాస్ ఔట్‌డోర్‌లోకే చేరుతుంది, మొత్తం మళ్లీ నింపే ఖర్చు ఉండదు. పైపు పొడవు పెరిగితే కొంచెం పడుతుందేమో, అది తూకం వేసి పోసేవాణ్ణే పిలవండి.