ఆరు నెలలు దాటాక ఫిజియోథెరపీ దండగేనా?

గోదారిగట్టు: మా నాన్నగారికి మెదడులో రక్తస్రావమై ఇది ఎనిమిదో నెలండి. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు చేతికర్ర సాయంతో అరుగు దాకా నడుస్తున్నారు గానీ చేతివేళ్లు ముడుచుకునే ఉంటున్నాయి. "ఆరు నెలల్లో వచ్చిందే వచ్చింది, ఇక ఖర్చు దండగ" అంటాడు మా బాబాయి. అమ్మ ఒప్పుకోదు. మాది అంబాజీపేట దగ్గర. అమలాపురం నుంచి మనిషి ఇంటికొచ్చి చేయించాలి. మానేయమంటారా?

రేవుపక్కన: మీ బాబాయిగారి మాటలో నిజముందండి. పెద్ద మార్పంతా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. మా అత్తగారికి ఆ తర్వాత కూడా చేయించాం, చివర్లో మిగిలినవి బిల్లులే. ఆ డబ్బుతో బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలు వేయించండి.

కొబ్బరాకు: రాజోలు వైపు ఫిజియోథెరపిస్టుని. కడ్డీలు వేయించాల్సిందే. కానీ ఆరు నెలల గీత ఎవరు గీశారండీ? మొదట్లో గబగబా రావడానికి కారణం, రక్తం గడ్డ కరిగి వాపు తీస్తుంటే, నలిగిన భాగాలు తేరుకోవడం. అందులో మా గొప్ప కొంతే. ఆ తర్వాత వచ్చేది చాలావరకు వాడకం వల్లే. 2006లో అమెరికాలో ఎక్సైట్ అనే పరిశోధన వెలువడింది. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైనవాళ్లకి మంచి చేతికి తొడుగు వేసి, రెండు వారాలు బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. మెరుగైంది, ఏడాది తర్వాతా నిలిచింది. అయితే మణికట్టు, వేళ్లు కాస్తయినా పైకి లేచేవాళ్లనే తీసుకున్నారు. మీ నాన్నగారికి లేస్తాయా?

గోదారిగట్టు: బొటనవేలు, చూపుడువేలు కొద్దిగా. అదీ వేణ్నీళ్ల స్నానం అయ్యాకే. దూలానికి గిలక కట్టి, మంచి చేత్తో తాడు లాగి ఆ చేతిని లేపుతున్నారు.

కొబ్బరాకు: ముందు ఆ గిలక విప్పేయండి బాబూ! పట్టు లేని భుజాన్ని తాడుతో పైకి లాగితే నొప్పి పుడుతుంది. ఆ తర్వాత ఆయన చెయ్యి ముట్టనివ్వరు. మంచం మీంచి లేపేటప్పుడూ చెయ్యి పట్టి లాగకండి. బంతి పిసికిస్తుంటే అదీ ఆపండి. ముడవడం ఆయనకి వచ్చు, తెరవడమే రావట్లేదు. స్నానమయ్యాక చిక్కుడుకాయలు ఒక్కొక్కటే తీసి చాటలో వదలమనండి. వదిలినవే లెక్క.

లంకమనిషి: మా ఊళ్లో పావురం రక్తం రాస్తే లేచి నడిచినవాళ్లున్నారు.

రేవుపక్కన: వాళ్లు రాయకపోయినా నడిచేవాళ్లేనండి. ఇలాంటివి నమ్మి బీపీ మాత్రలు మానేసినవాళ్లని చూశాను. బీపీ పెరిగితే మళ్లీ రక్తస్రావం కావచ్చు. పక్షవాతానికి మంచిదని పక్కింటివాళ్లిచ్చే ఆస్ప్రిన్ కూడా డాక్టరుగారిని అడక్కుండా వేయకండి, రక్తం పలచబడుతుంది.

గోదారిగట్టు: మరి డబ్బు సంగతి?

కొబ్బరాకు: వారానికోసారి పిలవండి, మిగతా రోజులు అమ్మగారితో చేయించండి. గ్లాసు పట్టుకోవడమో, చొక్కా గుండీ పెట్టుకోవడమో ఒక్క పని ఎంచుకుని నెల చూడండి. ఏ కదలికా లేకపోతే ఆ పద్ధతి మార్చాలి.

రేవుపక్కన: ఏ పద్ధతికీ కదలకపోతే? ఇక చాలండి అని ఫీజు పుచ్చుకునేవాళ్లే చెబుతారంటారా?