కుండీలో తిప్పతీగ ఆకులన్నీ రాల్చేసింది, బతుకుతుందా?

బాల్కనీ తోట, హైదరాబాద్:
నమస్కారమండి. పోయిన వానాకాలం నర్సరీలో కొన్న తిప్పతీగను 12 అంగుళాల కుండీలో పెట్టాం. దసరా నాటికి గ్రిల్ అంతా కమ్మేసింది. సంక్రాంతి దాటాక ఆకులు పండి రాలడం మొదలైంది. ఎండిపోతోందేమోనని రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాం. ఇప్పుడు మొదట్లో కాండం నల్లబడి, నొక్కితే మెత్తగా దిగుతోంది. పైనుంచి సన్నని ఊడలు వేలాడుతున్నాయి. వాటిని కత్తిరించాలా? మరో మాట. మా మామగారు షుగర్ మాత్రలు వేసుకుంటారు. ఈ తీగ కషాయం రోజూ తాగుతానని పట్టుబడుతున్నారు.

నర్సరీ పని, కడియం:
ముందు నీళ్లు ఆపండమ్మా. చలికాలం చివర ఆకు రాల్చడం తిప్పతీగకు మామూలే. కొన్నాళ్లు మోడులా ఉండి మళ్లీ చిగురు వేస్తుంది. ఆకు లేని తీగ తాగే నీళ్లు తక్కువ, మిగిలిన తడి వేళ్లను కుళ్లబెడుతుంది. మీ తీగకు జరిగింది అదే.

బతికి ఉందో లేదో ఇలా చూడండి. కాండం మీది పలుచని గోధుమ రంగు పొరను గోటితో గీకితే లేచి వస్తుంది. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఇక కుళ్లు ఆగిన చోటుకు జానెడు పైన కోయండి. కోసిన ముఖంలో బండిచక్రపు ఆకుల్లాంటి చారలు తెల్లగా కనిపించాలి. నల్ల మరక కనిపిస్తే ఇంకాస్త పైకి వెళ్లండి. కత్తిని ప్రతిసారీ తుడవడం మరవకండి.

ఊడలు మాత్రం ముట్టుకోవద్దు! పల్లెల్లో కంచెమీది తిప్పతీగను ఎవరైనా మొదట్లో నరికేస్తే, పైన మిగిలిన తీగ ఊడలు దించి నేలను అందుకుని బతికేస్తుంది. మీరూ పక్కన ఒక కుండీ పెట్టి ఊడ కొసను మట్టిలోకి మళ్లించండి. పాత మొదలు పోయినా బెంగ ఉండదు.

బాల్కనీ తోట:
గీకి చూశాం, పైనంతా పచ్చగానే ఉంది! కోసిన ముక్కలను నాటవచ్చా? ఏ మట్టి?

నర్సరీ పని, కడియం:
నిక్షేపంగా నాటవచ్చు. చిటికెన వేలి లావున్న ముదురు కాండం, రెండు మూడు కణుపులు ఉంటే చాలు. కోసిన చోటు ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి, మొదలువైపు కిందకి ఉండేలా ఒక కణుపు మట్టిలోకి దించండి. తలకిందులుగా నాటి, చిగురు రాలేదని మమ్మల్ని తిట్టేవాళ్లు ఏటా ఉంటారు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. ఇసుక విషయంలో పిసినారితనం వద్దు. తొలకరికి నాటితే ఇంకా తేలిక, ఇప్పుడైతే మట్టి పైపొర ఆరాకే నీళ్లు.

ఆయుర్వేద విద్యార్థిని, తిరుపతి:
కషాయం గురించి నేను చెబుతాను. ముందు అది తిప్పతీగేనా అన్నది తేల్చుకోండి. దీని దగ్గరి జాతి ఒకటి నర్సరీల్లో ఇదే పేరుతో దొరుకుతుంది. దాని కాండం బూడిద రంగులో, నిండా బుడిపెలతో ఉంటుంది, కోస్తే పాలు వస్తాయి. అసలు తిప్పతీగకు పాలు రావు, పండు గుండ్రంగా ఎర్రగా ఉంటుంది.

జాతి సరైనదే అయినా రోజూ తాగడానికి నేను ఒప్పుకోను. తిప్పతీగ తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు రాశారు. వేరే జాతితో పొరబడి ఉంటారని ఆయుష్ శాఖ అంది. తర్వాత ఇతర ఆసుపత్రుల వైద్యులు అసలు తిప్పతీగతోనూ అలా జరుగుతోందని, ముఖ్యంగా ఆటో ఇమ్యూన్ జబ్బులు (ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసేవి) ఉన్నవారు జాగ్రత్తపడాలని చెప్పారు. పైగా ఇది చక్కెరను తగ్గించగలదు. మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోయి మామగారికి చెమటలు, వణుకు రావచ్చు.

బాల్కనీ తోట:
వేపచెట్టు మీద పాకిన తీగ అయితే మంచిదంటున్నారు ఆయన.

ఆయుర్వేద విద్యార్థిని, తిరుపతి:
ఆ నమ్మకం పాతదే, ఆయుర్వేద వైద్యులూ వేప మీది తీగనే మెచ్చుకుంటారు. కానీ వేప మీదిదైనా కాలేయం సంగతి మారదండి. మాత్రలు రాసిన డాక్టరుకు కషాయం సంగతి దాచకుండా చెప్పించండి. ఇప్పటికే తాగుతూ ఉంటే, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి పోయినా వెంటనే ఆపించి కాలేయ పరీక్ష చేయించండి.