మోటార్ కార్టెక్స్ ఆజ్ఞ ఇచ్చేది కండరానికా, కదలికకా?

ప్రశ్నార్థకం:
మెదడు మీద సాగదీసి గీసిన బొమ్మ మనిషిని అందరం చూసే ఉంటాం. పెద్ద చేతులు, పెద్ద పెదాలు, బక్క నడుము. 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ ఆపరేషన్‌లో మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నటి కరెంటుతో తాకి చూసిన ఫలితాల నుంచి వచ్చిన బొమ్మ అది. దాన్ని చూస్తే మోటార్ కార్టెక్స్‌లో, అంటే కదలికలను నడిపే మెదడు పైపొర భాగంలో, ఒక్కో చోట ఒక్కో కండరానికి మీట ఉన్నట్టు అనిపిస్తుంది. తర్వాతి ప్రయోగాలు చదివితేనేమో కార్టెక్స్ "చెయ్యి అటు వెళ్లాలి" అని మాత్రమే చెబుతుందని, మిగతా లెక్కంతా కింద వెన్నుపాము చూసుకుంటుందని అనిపిస్తోంది. మీరు ఏ పక్షం?

నాడీకణం:
కండరం పక్షం. 1968లో ఎవర్ట్స్ కోతి మణికట్టు కదలికకు వేర్వేరు బరువులు జోడించి చూశాడు. కదలిక అదే అయినా, ఎక్కువ బలం కావలసి వచ్చినప్పుడు న్యూరాన్లు ఎక్కువగా స్పందించాయి. అంటే అవి చెయ్యి ఎక్కడుందన్నది కాదు, ఎంత బలం పెట్టాలన్నది చెబుతున్నాయి. పైగా కోతుల్లో, మనుషుల్లో కార్టెక్స్ నుంచి కొన్ని తీగలు సూటిగా వెన్నుపాములో కండరాలను కదిలించే మోటార్ న్యూరాన్లకే చేరతాయి, ముఖ్యంగా వేళ్ల విషయంలో. మధ్యలో దుబాసీయే లేనప్పుడు కండరానికి అర్థమయ్యే భాషలో కాక ఇంకే భాషలో చెబుతుంది?

దిక్సూచి:
మరి జార్జోపౌలోస్ 1982 పని సంగతి? కోతి చెయ్యి ఎనిమిది దిక్కులకు చాచినప్పుడు చాలా న్యూరాన్లలో ఒక్కోదానికి ఒక ఇష్టమైన దిక్కు కనిపించింది. ఆ దిక్కున గట్టిగా, పక్కకు జరిగేకొద్దీ తక్కువగా స్పందించింది. 1986లో చాలా న్యూరాన్ల దిక్కులను కూడి చూస్తే చెయ్యి ఎటు వెళ్తుందో ముందే తెలిసింది.

ఇంకోటి. గ్రాజియానో బృందం 2002లో కోతి కార్టెక్స్‌లో ఒకచోట అర సెకను పాటు కరెంటు ఇచ్చింది. చెయ్యి ఎక్కడ ఉన్నా సరే నోటి దగ్గరికి వచ్చింది, వేళ్లు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి, నోరు తెరుచుకుంది. కండరాల మీటే అయితే మొదలుపెట్టిన చోటును బట్టి చెయ్యి ఒక్కోసారి ఒక్కోచోట ఆగాలి కదండీ.

నాడీకణం:
దిక్కు మారితే కండరాల వాడకమూ మారుతుంది. అందుకే కండరాన్ని చెప్పే న్యూరాన్ కూడా దిక్కును చెబుతున్నట్టే కనిపిస్తుంది. స్కాట్, కలాస్కా ఈ ముడినే విప్పారు. కోతి అరచెయ్యి అదే దారిలో వెళ్లేలా, మోచెయ్యి మాత్రం ఎత్తులో ఉండేలా చేస్తే చాలా న్యూరాన్ల స్పందన మారిపోయింది. దిక్కు ఒక్కటే ముఖ్యమైతే అలా మారాల్సిన పని లేదు.

అర సెకను కరెంటు గురించి: అంతసేపు ఇస్తే అది ఎన్ని నాడీ వలయాలకు పాకుతుందో! దాన్ని సహజమైన ఆజ్ఞ అనడం నాకు మింగుడుపడదు.

ఫిజియో_వార్డు:
పక్షవాతం వచ్చినవాళ్లతో పనిచేసేదాన్ని కాబట్టి ఇంకో వైపు నుంచి చెబుతాను. చాలామందికి భుజం, మోచెయ్యి కొంత తిరిగి వస్తాయి. వేళ్లు విడివిడిగా కదలడం మాత్రం చివరికీ రాకపోవచ్చు. చెయ్యి ఎత్తమంటే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. 1968లో లారెన్స్, కైపర్స్ కోతుల్లో రెండువైపులా పిరమిడల్ ట్రాక్ట్ (కార్టెక్స్ నుంచి వెన్నుపాముకు దిగే తీగల కట్ట) కోసినప్పుడు కూడా అవి కోలుకున్నాక పరిగెత్తాయి, ఎక్కాయి. ఒక్క వేలితో ఏదైనా తియ్యడమే కుదరలేదు.

అందుకే మీ ప్రశ్నకు ఒళ్లంతటికీ ఒకే జవాబు ఉంటుందని నేను అనుకోను. వేళ్లకు కార్టెక్స్ నేరుగా కండరాన్ని పట్టుకున్నట్టే ఉంది. నడకకు వచ్చేసరికి పై నుంచి సర్దుబాటు చేస్తుంది, అంతే.

దిక్సూచి:
ఇది ఒప్పుకోవచ్చు. 2015లో ఎలుకల మీద వచ్చిన ఫలితం కూడా ఇటే మొగ్గుతుంది. మీట నొక్కే ఒక వరుస నేర్చుకున్నాక మోటార్ కార్టెక్స్ తీసేసినా అవి ఆ వరుసను చేయగలిగాయి. నేర్చుకోకముందే తీసేస్తే మాత్రం నేర్చుకోలేకపోయాయి.

నాడీకణం:
ఎలుకలకు నేను పైన చెప్పిన సూటి తీగలు లేవని మరిచిపోకండి.

కంట్రోల్_లూప్:
ఇద్దరూ న్యూరాన్ "దేన్ని సూచిస్తుంది" అనే అడుగుతున్నారు. నాకు అడగాల్సింది అది కాదనిపిస్తుంది. సిద్ధమయ్యే దశను చూడండి. కోతికి లక్ష్యం చూపించి, "ఇంకా కదలకు, సిగ్నల్ వచ్చాక కదులు" అని శిక్షణ ఇస్తారు. ఆ ఎదురుచూపులో మోటార్ కార్టెక్స్‌కు ముందువైపు ఉండే ప్రీమోటార్ కార్టెక్స్‌లోనే కాదు, మోటార్ కార్టెక్స్‌లో కూడా న్యూరాన్లు చురుగ్గా ఉంటాయి. చెయ్యి మాత్రం కదలదు. అవి కండరాల మీటలే అయితే చెయ్యి ఎందుకు ఊరుకుంది?

2014లో కౌఫ్‌మన్ బృందం ఇచ్చిన వివరణ నాకు నచ్చింది. సిద్ధమయ్యేటప్పుడు న్యూరాన్ల మార్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా ఉంటాయి, కొన్ని పెరిగితే కొన్ని తగ్గుతాయి. కండరాల వైపు వెళ్లే మొత్తం మాత్రం మారదు. సిగ్నల్ రాగానే గుంపు మొత్తం ఆ స్థితి నుంచి బయల్దేరుతుంది. 2012లో చర్చ్‌లాండ్, షెనాయ్ తదితరులు చూపించినట్టు, చెయ్యి ఒక్కసారి చాచినా, న్యూరాన్ల గుంపు స్థితిని పటంగా గీస్తే అది చక్రంలా తిరుగుతున్నట్టు, అంటే ఒక తిరుగుడు కనిపిస్తుంది. పైగా ఒక న్యూరాన్‌కు సిద్ధమయ్యేటప్పుడు ఉన్న ఇష్టమైన దిక్కు, కదిలేటప్పుడు చాలాసార్లు మారిపోతుంది. దిక్సూచి గారి ఎనిమిది దిక్కుల పటానికి అది ఇబ్బందే.

నాడీకణం:
తిరుగుడు మీద నాకు అనుమానం ఉంది. చాలా న్యూరాన్లు కొద్దికొద్ది తేడాతో వరుసగా స్పందించినా ఆ గణితం తిరుగుడునే చూపిస్తుందని విమర్శ వచ్చింది. కొట్టేసుకోవడం గురించి అంటారా, చివరికి బయటికి వెళ్లే మొత్తాన్ని "కండరాల వైపు" అనే కొలిచారు. అది నా పక్షమే!

ప్రశ్నార్థకం:
2006లో ప్రచురితమైన బ్రెయిన్‌గేట్ ప్రయోగంలో (మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్లతో కంప్యూటర్‌ను నడపడం), వెన్నుపాము దెబ్బతిని ఏళ్లు గడిచిన మనిషి చెయ్యి కదపాలని తలచుకుంటేనే కర్సర్ కదిలింది. అక్కడ కండరం జవాబే ఇవ్వదు. అయినా కార్టెక్స్ దిక్కు చెబుతూనే ఉంది. దీన్నేమంటారు?

నాడీకణం:
మనం అందులోంచి దిక్కును చదవగలిగాం, అంతవరకే. మెదడు కూడా దాన్ని దిక్కుగానే వాడుకుంటోందని తేలలేదు. ఆజ్ఞ పుట్టే చోటు చెక్కుచెదరలేదు, దారి మాత్రమే తెగింది.

ఫిజియో_వార్డు:
దారి తెగినవాళ్లు అదే పనిని ఏళ్ల తరబడి తలచుకుంటూ ఉంటే ఆ న్యూరాన్ల ఇష్టమైన దిక్కులు అలాగే నిలుస్తాయా, కర్సర్‌కు తగ్గట్టు మారతాయా? కర్సర్‌కు భుజం లేదు, మోచెయ్యి లేదు. దిక్కులు దానికి తగ్గట్టు మారితే నాడీకణం గారు ఏ కండరం పేరు చెబుతారో వినాలని ఉంది.