పేరొచ్చాక ర్యాప్ గ్రూపులు అమ్ముడుపోవాల్సిందేనా? బెంగళూరులో వినేవాళ్ళు, పాడేవాళ్ళు చెప్పండి

మారతహళ్ళి_మైకు

నాది ప్రశ్నో కడుపుమంటో మీరే తేల్చండి. ఏళ్ళ తరబడి వెంటపడి విన్న ఒక ర్యాప్ గ్రూపు (పేరు వద్దులెండి, ఫ్యాన్స్ వచ్చి నా మీద పడతారు) ఆ మధ్య ఒక బెట్టింగ్ యాప్‌కి పాట చేసింది. వీళ్ళేనా కబ్బన్ పార్కులో స్పీకర్ కూడా లేకుండా చప్పట్ల మీద పాడింది అనిపించింది. లోన్ యాప్‌ల వేధింపుల మీద వాళ్ళకో పాట ఉండేది. అందులో ఒక చరణమంతా రికవరీ ఏజెంటు గొంతే. "సార్, మీ అమ్మగారి నంబరు కూడా నా దగ్గరుంది" అని ఎంతో మర్యాదగా చెప్తాడు. పీజీలో అందరం నవ్వాం, ఒక్కడు తప్ప. వాడికి ఆ ఫోన్ అప్పటికే వచ్చింది. ఇప్పుడు అదే గొంతు "ఆడు, గెలుచుకో" అంటోంది.

సంపాదించొద్దని నేను అనట్లేదు. నేను రోజూ అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కూర్చునేదీ జీతం కోసమే. కానీ పేరొచ్చిన ప్రతి గ్రూపూ ఇటే పోతుందా? మీరు చూసినవి చెప్పండి. హీరోల ఫ్యాన్ వార్ మాత్రం ఇక్కడ వద్దు.

అడ్డా_అనంతపురం

పోతుంది బ్రో. బ్లాక్ ఐడ్ పీస్‌నే చూడు. 1998లో మొదటి ఆల్బమ్, 2000లో రెండోది. లాస్ ఏంజిలిస్‌లో ర్యాప్ వినేవాళ్ళకి నచ్చారు గానీ అమ్మకాలు అంతంతమాత్రం. ఫెర్గీ అనే గాయని వచ్చి చేరాక 2003 ఆల్బమ్‌తో దశ తిరిగింది. 2009లో రెండు పాటలు ఒకదాని తర్వాత ఒకటి, కలిపి 26 వారాలు అమెరికా చార్టులో నంబర్ వన్. మా అన్న పెళ్ళి సంగీత్‌లో డీజే ఆ రెండోది వేస్తే మా పెద్దమ్మ కూడా చెయ్యెత్తి ఊపింది. పెద్దమ్మ చెయ్యి ఎత్తకుండా ఆపే మాట ఆ పాటలో ఒక్కటీ లేదు. నా కంప్లైంట్ అదే.

కేసెట్ల_కాలం

తమ్ముడూ, పెద్దమ్మ ఎగిరితే నీకేం నొప్పి?

నేను కేఆర్ పురంలో ఉంటాను, మీ అందరికంటే పెద్దవాణ్ణే అనుకుంటా. ఈ "ఒకప్పుడు స్వచ్ఛంగా ఉండేది" అనే మాట వింటే నవ్వొస్తుంది. హిప్‌హాప్‌లో మొదటి పెద్ద హిట్టు ఎలా పుట్టిందో తెలుసా? 1979లో సిల్వియా రాబిన్సన్ అనే ఆవిడ న్యూజెర్సీలో ఒక రికార్డు కంపెనీ నడిపేది. పార్టీల్లో జనం ఊగిపోతుంటే చూసి, ముగ్గురు కుర్రాళ్ళని ఏరి తెచ్చి షుగర్‌హిల్ గ్యాంగ్ అని పేరు పెట్టింది. అందులో ఒకడు పిజ్జా కొట్టులో పని చేస్తుండేవాడు. ఆ పాటలో వాడు పాడిన మాటలు చాలావరకు న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కి చెందిన గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే ర్యాపర్‌వి. కాజ్‌కి పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. అంటే హిప్‌హాప్‌ని ప్రపంచానికి పరిచయం చేసిన పాటే కంపెనీ కూర్చిన గ్రూపు, అరువు మాటలు.

ఇంకోటి వినండి. రన్ డీఎంసీ అనే న్యూయార్క్ ర్యాప్ గ్రూపు వాళ్ళు 1986లో తాము వేసుకునే అడిడాస్ బూట్ల మీద పాట చేశారు. ఎవరూ డబ్బిచ్చి చేయించలేదు, వాళ్ళ వీధిలో అందరూ వేసుకునేవే. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ షోలో బూట్లు పైకెత్తండి అంటే వేల మంది ఎత్తారు. కంపెనీ మనిషి అక్కడే ఉండి కళ్ళారా చూశాడు. తర్వాత ఒప్పందం కుదిరింది. మరి వాళ్ళని అమ్ముడుపోయారందామా? పాట ముందా, చెక్కు ముందా? నేను చూసేది అది.

బీటీఎం_బీట్లోడు

నేను అవతలి పక్షం. అంటే అమ్ముడుపోయిన బాపతు.

మేం నలుగురం. ఇద్దరు రాసి పాడేవాళ్ళు, ఒకడు వీడియో, నేను బీట్లు. బీటీఎంలో ఒకే పీజీ. ఒక వేసవిలో నీళ్ళు రాక అందరం బకెట్లు పట్టుకుని ట్యాంకర్ కోసం రోడ్డు మీద నిలబడ్డాం. అది రివర్స్ వచ్చేటప్పుడు బీప్ బీప్ అంటుంది కదా, దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, స్పీడు సగానికి తగ్గించి, కింద డప్పు లాంటి కిక్ వేశాను. ఊళ్ళో బోరు మీద బోరు వేయించి అప్పులపాలైన తండ్రి, ఇక్కడ ట్యాంకర్ డ్రైవర్‌ని "అన్నా, ఈ పూట మా వీధికి రా అన్నా" అని బతిమాలే కొడుకు. పాట అంతే. ఇన్‌స్టాలో బాగా తిరిగింది.

కొన్నాళ్ళకి సర్జాపూర్ రోడ్డులో అపార్టుమెంట్లు కడుతున్న ఒక బిల్డర్ తరఫున ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళకి కచ్చితంగా ఆ బీటే కావాలి. మాటలు మాత్రం మార్చాలి: 24 గంటలూ నీళ్ళు, క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్. అవును, స్విమ్మింగ్ పూల్! మావాడి సీమ యాస తగ్గించమన్నారు. ఆఖర్న బీప్ కూడా తీసేయమన్నారు, "నెగెటివ్‌గా వినిపిస్తోంది" అని. తీసేశాను. వచ్చిన డబ్బుతో నేను ల్యాప్‌టాప్ కొన్నాను, పాడేవాడు వాళ్ళ చెల్లి కాలేజీ ఫీజు కట్టాడు. ఇందులో నాకేం సిగ్గు లేదు.

గ్రూపు విడిపోయింది నిజమే. కానీ జింగిల్ చేసినందుకు కాదు. జీఎస్టీ నంబరు ఒకడికే ఉందని డబ్బంతా వాడి ఖాతాలో వేయించాం. టీడీఎస్ ఎంత పోయింది, నలుగురికీ సమానమా, బీట్ నాది కాబట్టి నాకు ఎక్కువా, వీడియో వాడికి జింగిల్‌లో పనే లేదు కదా... ఏదీ ముందు రాసుకోలేదు. ఒక రాత్రి మేడ మీద కూర్చుని వాట్సాప్ గ్రూపులో ఒకడి తర్వాత ఒకడు ఎగ్జిట్ అయిపోయాం, పక్క పక్కనే కూర్చుని.

కేసెట్ల_కాలం

@బీటీఎం_బీట్లోడు ఇది పాత కథే నాయనా. ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ గ్రూపు 1988లో అమెరికాని దడదడలాడించింది. చాలా మాటలు రాసిన ఐస్ క్యూబ్ 1989 చివర్లో బయటికొచ్చేశాడు. కారణం పోలీసులూ కాదు, సెన్సారూ కాదు. లెక్కలు తేలలేదు.

వూటాంగ్ అనే ఇంకో అమెరికా ర్యాప్ గ్రూపు వాళ్ళు ఇందులో కాస్త తెలివిగా నడిచారు. గ్రూపుగా ఒక కంపెనీకి సంతకం పెట్టినా, ఎవరికి వాళ్ళు సోలోగా ఏ కంపెనీకైనా వెళ్ళొచ్చని వాళ్ళ నాయకుడు రిజా ముందే ఒప్పందంలో రాయించాడు. 1993లో మొదటి ఆల్బమ్ వచ్చిన తర్వాత రెండు మూడేళ్ళలో ఒక్కొక్కడూ ఒక్కో కంపెనీలో తేలాడు.

వైట్‌ఫీల్డ్_వాణి

కబ్బన్ పార్కు, చప్పట్లు, స్వచ్ఛత... ఈ పాత రోజుల భజన గురించి ఒక మాట. కుర్రాళ్ళు గుండ్రంగా నిలబడి పోటీగా ర్యాప్ పాడుకునే ఆ సర్కిళ్ళలో నేనూ నిలబడ్డాను, రెండు సార్లు పాడాను కూడా. ఎదుటివాడిని దెబ్బకొట్టాలంటే వాడి అమ్మనో అక్కనో లాగడమే చాలామందికి తెలిసిన కళ. నేను ముందుకొస్తే "మేడమ్, మీరు కోరస్ పాడండి" అన్నారు. ఆ కుర్రాళ్ళలోనే కొందరికి తర్వాత స్పాన్సర్లు వచ్చారు. కాలేజీ ఫెస్టులకి పిలవాలంటే బూతులు ఉండకూడదని షరతు. బూతులు పోయాయి. అప్పుడు గానీ వాళ్ళకి రాయడం రాదని తెలియలేదు, కొందరికైతే భలే వచ్చని కూడా తెలిసింది. డబ్బు వల్ల పాట బాగుపడిన సందర్భం నేను కళ్ళారా చూశాను, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా.

మైలాపూర్_మేనల్లుడు

చెన్నై నుంచి. వాణి గారు చెప్పినదానికి ఇక్కడ మంచి ఉదాహరణ ఉంది. మన తెలుగువాళ్ళకి హిప్‌హాప్ తమిళా అంటే 2016లో ధృవ సంగీతమే గుర్తు. ఆది, జీవా ఇద్దరూ అంతకుముందు సొంతంగా పాడుకునేవాళ్ళు. 2011లో వైరల్ అయిన పాట దేనిమీద? ఆడపిల్లలు క్లబ్బులకెళ్ళి తాగుతున్నారని నీతులు చెప్పడం. అంటే చేతిలో సినిమా లేనప్పుడు, ఎవరూ ఒత్తిడి చేయనప్పుడు, వాళ్ళంతట వాళ్ళు రాసుకున్నది అది. 2012లో ఆల్బమ్, 2015 నుంచి సినిమా సంగీతం, 2017కల్లా ఆది హీరో. మధ్యలో 2016లో జల్లికట్టు మీద పాట చేశారు, మరుసటి ఏడాది మెరీనాలో జనం కూడినప్పుడు అది ఊరంతా మోగింది. ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏది నికార్సు, ఏది వ్యాపారం? నేనైతే గీత గీయలేను.

కాస్ట్‌లెస్ కలెక్టివ్ సంగతి వేరు. 2017లో దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కట్టిన గ్రూపు అది. గానా (చెన్నై బస్తీల పాట), ర్యాప్, రాక్ అన్నీ కలుస్తాయి. రిజర్వేషన్లు, గొడ్డుమాంసం, మ్యాన్‌హోల్ చావులు, ఇవీ వాళ్ళ పాటలు. వెనక సినిమా మనిషే ఉన్నాడు, అయినా మాట మెత్తబడలేదు. దాంట్లోంచి వచ్చిన ర్యాపర్ అరివు సినిమాలకీ రాశాడు, 2021లో 'ఎంజాయ్ ఎంజామీ' అనే ప్రైవేటు పాటతో ప్రపంచమంతా వినిపించాడు. సిలోన్ తేయాకు తోటల్లో పనిచేసిన అమ్మమ్మ కథ ఉంది అందులో. ఇంత పెద్ద హిట్టు కదా, కోట్లు వచ్చి ఉంటాయని అందరూ అనుకున్నారు. మూడేళ్ళ తర్వాత, 2024లో దానికి సంగీతం చేసిన సంతోష్ నారాయణన్ వీడియో పెట్టి, ఆ పాట మీద మా ముగ్గురిలో (తను, అరివు, గాయని ధీ) ఎవరికీ రూపాయి కూడా రాలేదన్నాడు. అమ్ముడుపోయారని తిట్టేవాళ్ళు ముందు డబ్బు అందిందో లేదో కనుక్కుంటే బాగుంటుంది.

సౌండ్‌చెక్

నేను స్టేజీ వెనక మిక్సర్ దగ్గర ఉండేవాణ్ణి. కార్పొరేట్ షోకి గ్రూపు వస్తే పాటల లిస్టు ముందే క్లయింటు మెయిల్‌లో ఉంటుంది. గేటెడ్ కమ్యూనిటీ ఉగాది షో ఒకదాంట్లో కార్యదర్శి గారు వచ్చి "ఆ సెక్యూరిటీ గార్డు పాట వద్దు, గేటు దగ్గర స్టాఫ్ వింటున్నారు" అన్నారు. గ్రూపు సరే అంది. షో చివర్లో పవర్ పోయింది, జెనరేటర్ అందుకునేలోపు మైకు లేకుండా ఆ పాటే పాడేశారు. గార్డులు ఈల వేశారు. కార్యదర్శి గారు మిగతా పేమెంటు నెల ఆలస్యంగా ఇచ్చారట.

అడ్డా_అనంతపురం

@సౌండ్‌చెక్ ఇలాంటిది ఒక్కటి చాలు, ఆ గ్రూపు పేరు ఇన్‌బాక్స్‌లో పెట్టు బ్రో.

నా మాట మీద మాత్రం నేనున్నా. బీస్టీ బాయ్స్ అనే అమెరికా ర్యాప్ గ్రూపులో ఆడమ్ యౌక్ 2012లో పోయాడు. తన సంగీతాన్ని ప్రకటనలకి వాడకూడదని వీలునామాలో చేత్తో రాసి మరీ పోయాడు. అదే ఏడాది గ్రూపు తమ పాటల్ని అనుమతి లేకుండా వాడుకున్నందుకు ఒక ఎనర్జీ డ్రింకు కంపెనీ మీద కేసు వేసింది, 2014లో జ్యూరీ 17 లక్షల డాలర్లు ఇప్పించింది. వద్దనడం కుదురుతుంది. కోట్ల రికార్డులు అమ్మినవాళ్ళే వద్దన్నారు.

మారతహళ్ళి_మైకు

@అడ్డా_అనంతపురం కోట్లు వచ్చాక వద్దనడం తేలికే కదా? పీజీ అద్దె కట్టాల్సినవాడు వద్దంటే నేను నమస్కారం పెడతా.

బీట్లోడి జింగిల్ మీద నాకు కోపం రాలేదు, ఎందుకో తెలీదు. అపార్టుమెంటు కొనేవాడు పాట విని మోసపోడు, లోన్ కాగితాలు చదువుకుంటాడు. బెట్టింగ్ యాప్ అలా కాదు. ఆ గ్రూపుని నమ్మి విన్న పంతొమ్మిదేళ్ళ పిల్లాడే దాని గిరాకీ. లోన్ యాప్ పాట విన్నవాళ్ళనే తీసుకెళ్ళి లోన్ యాప్ గుమ్మంలో నిలబెట్టారు. అందుకే నేను వాళ్ళని వదలను.

వైట్‌ఫీల్డ్_వాణి

ఇది ఒప్పుకుంటా.

కాపీరైట్_కాకా

వృత్తిరీత్యా ఈ కాగితాలు చూస్తుంటాను కాబట్టి రెండు ముక్కలు. డి లా సోల్ అనే అమెరికా ర్యాప్ గ్రూపు గురించి ఎవరూ ఎత్తలేదు. 1989లో వాళ్ళ మొదటి ఆల్బమ్ ఎంత పేరు తెచ్చుకుందో, అందులో వాడిన పాత పాటల ముక్కలు అంత తలనొప్పి తెచ్చాయి. అప్పటి అనుమతుల్లో ఇంటర్నెట్ ఊసే లేదు. దాంతో స్ట్రీమింగ్ వచ్చాక ఏళ్ళ తరబడి వాళ్ళ పాత ఆల్బమ్‌లు ఎక్కడా దొరకలేదు. 2014లో విసిగిపోయి ఫ్యాన్స్‌కి ఉచితంగా పంచేశారు. పాత కంపెనీని 2021లో వేరేవాళ్ళు కొన్నాక, 2023 మార్చిలో అన్నీ స్ట్రీమింగ్‌కి వచ్చాయి. ముగ్గురిలో ఒకడైన ట్రుగాయ్ అంతకు మూడు వారాల ముందే చనిపోయాడు.

మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. రాసినవాడికి, స్వరం కట్టినవాడికి రాయల్టీలో హక్కులు కొన్నవాళ్ళతో సమాన వాటా ఉంటుంది, దాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టినా చెల్లదు. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి హక్కు దానంతటది పోదు, ప్రత్యేకంగా రాస్తే తప్ప. ఇంకా ముఖ్యమైనది: హక్కు ఎన్నేళ్ళకి ఇస్తున్నారో ఒప్పందంలో రాయకపోతే అయిదేళ్ళు, ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియా వరకే. కుర్రాళ్ళు ఇన్‌స్టా ఫాలోవర్లు లెక్కపెడతారు గానీ ఇది చూడరు. రాసేవాళ్ళు, స్వరం కట్టేవాళ్ళు ఐపీఆర్‌ఎస్‌లో (వాళ్ళ తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) సభ్యత్వం తీసుకోండి.

బీటీఎం_బీట్లోడు

కాకా, మా కాగితంలో ఏళ్ళ సంగతి ఉన్నట్టు గుర్తులేదు. అయిదేళ్ళు దాటితే ఆ బీట్ నేను మళ్ళీ వాడుకోవచ్చా? బీప్ పెట్టి.

కాపీరైట్_కాకా

చూడకుండా చెప్పను. డబ్బు తీసుకుని వాళ్ళకోసమే చేశానని రాసి ఉంటే లెక్క మారుతుంది. నీ బీట్ జింగిల్ కంటే ముందే ఇన్‌స్టాలో ఉంది కాబట్టి నీకు కొంత బలం ఉంది. ఆ పాత పోస్టు తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకో. కాగితం పేర్లు చెరిపేసి పంపు.

బీటీఎం_బీట్లోడు

కాగితం జీఎస్టీ వాడి మెయిల్‌లో ఉంది. ఇప్పుడు వాడు హెబ్బాళ్‌లో ఉంటున్నాడు. అడుగుతా.

కాపీరైట్_కాకా

అడుగు. ఒరిజినల్ ప్రాజెక్ట్ ఫైలు నీ దగ్గరే ఉందిగా? దాన్ని మాత్రం ఎవరికీ పంపకు.