సున్నా స్టేజ్ డీసీఐఎస్‌కు రొమ్ము మొత్తం తీయించాలా?

పద్మజ, మారతహళ్ళి:
మా అక్కకు 52 ఏళ్ళు, ఉండేది మదనపల్లెలో. ఇక్కడ బెంగళూరులో మామోగ్రామ్ తీయిస్తే ఎడమ రొమ్ములో సున్నపు చుక్కలు కనిపించాయి. బయాప్సీలో డీసీఐఎస్ అని తేలింది, అంటే పాల నాళం లోపలే ఉండి ఇంకా బయటికి పాకని తొలి దశ. గ్రేడ్ 2 (మధ్య రకం), ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌కు స్పందించేది), 14 మిల్లీమీటర్లు. ఒక డాక్టరు గారు రొమ్ము మొత్తం తీసేద్దామన్నారు. ఇంకొకరు ఆ భాగం వరకే తీసి రేడియేషన్ ఇస్తే చాలన్నారు. అక్కా, బావగారూ "మొత్తం తీసేస్తే పీడ వదులుతుంది" అంటున్నారు. నాకు తొందరపడుతున్నామేమో అనిపిస్తోంది.

సుధారాణి, వైట్‌ఫీల్డ్:
నేను తీయించుకున్నాను, మీ అక్కకూ అదే చెబుతాను. మొత్తం తీస్తే మళ్ళీ అదే వైపు వచ్చేది నూటికి ఒకరిద్దరికే. భాగం తీసినవాళ్ళలో అంతకంటే ఎక్కువ. పైగా అలా తిరిగొచ్చినవాటిలో దాదాపు సగం పాల నాళం దాటిన అసలు క్యాన్సరే. ఏటా రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ టెన్షన్ నేను పడలేను.

రమాదేవి, జయనగర్:
సుధారాణి గారూ, మీ లెక్క తప్పు కాదు. కానీ మీరు చెప్పింది తిరిగి రావడం గురించి. ప్రాణం సంగతి వేరే. క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసినదాన్ని, ఈ రెండూ కలిపేసుకుని భయపడిన ఇళ్ళు చాలా చూశాను. 2015లో లక్షమందికి పైగా డీసీఐఎస్ ఉన్న స్త్రీల వివరాలు చూస్తే, 20 ఏళ్ళలో రొమ్ము క్యాన్సర్‌తో పోయినవాళ్ళు నూటికి 3.3 మంది. మొత్తం తీయించుకున్నవాళ్ళకు అందులో అదనంగా కలిసొచ్చింది ఏమీ కనిపించలేదు.

భాగం తీసి ఊరుకోవడం వేరు, తీసి రేడియేషన్ ఇవ్వడం వేరు. పాత ట్రయల్స్ నాలుగూ కలిపి 2010లో లెక్కేస్తే, పదేళ్ళలో అదే రొమ్ములో తిరిగి వచ్చింది రేడియేషన్ లేనివాళ్ళలో 28 శాతం, తీసుకున్నవాళ్ళలో 13 శాతం. మరణాల్లో మాత్రం తేడా లేదు. అవి 1980ల చివర్లో, 90లలో చేరినవాళ్ళ అంకెలు.

పద్మజా, ఆపరేషన్ తరువాత వచ్చే పెథాలజీ రిపోర్టులో మార్జిన్ ఎంతో చూడండి. తీసిన ముక్క అంచుకూ జబ్బుకూ మధ్య 2 మిల్లీమీటర్ల మంచి భాగం ఉంటే చాలు. లేకపోతే ఇంకొంచెం తీయాల్సి రావచ్చు, అది ముందే అక్కకు చెప్పి ఉంచండి. ఈఆర్ పాజిటివ్ కనుక ఐదేళ్ళ హార్మోన్ మాత్రల మాట కూడా వస్తుంది. రెండో రొమ్ముకూ అవి కాపలానే.

జబ్బు రొమ్ములో చాలా చోట్ల ఉన్నా, రేడియేషన్ ఇవ్వడానికి వీల్లేకపోయినా నేనూ మొత్తం తీయమనే అంటాను. మీ అక్కది 14 మిల్లీమీటర్లు, ఒకే చోట అయితే ఆ అవసరం ఏమిటి?

కిరణ్, బీటీఎం లేఅవుట్:
అసలు ఆపరేషనే వద్దేమో? 2024 డిసెంబరులో వచ్చిన కామెట్ అనే ట్రయల్‌లో, ఆపరేషన్ లేకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉన్నవాళ్ళలో రెండేళ్ళకు అసలు క్యాన్సర్ 4.2 శాతం, ఆపరేషన్ దారిలో వెళ్ళినవాళ్ళలో 5.9 శాతం.

రమాదేవి:
మంచి ట్రయలే బాబూ, అది నిలబడాలనే నా కోరిక కూడా. కానీ అది రెండేళ్ళ లెక్క. ఈ జబ్బు పదిహేనేళ్ళకైనా తిరిగి రావచ్చు. పైగా ఆరు నెలలకోసారి తప్పకుండా మామోగ్రామ్ ఉండాలి. మదనపల్లె నుంచి ఆమె అన్నిసార్లు వస్తుందా? ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మన ఆడవాళ్ళు మొదట వాయిదా వేసేది తమ పరీక్షనే.

సుధారాణి:
ఆ లెక్కన రేడియేషన్‌కూ రోజూ రావాలిగా! నాకు మొత్తం తీశారు కాబట్టి ఆ అవసరం పడలేదు.

పద్మజ:
మూడు వారాల పైచిలుకు అన్నారు సుధారాణి గారూ. అక్క మా ఇంట్లోనే ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. బయాప్సీ స్లైడ్లు ఇంకో పెథాలజిస్టుకు చూపించి, గ్రేడ్ 2 అనే తేలితే భాగం తీసే డాక్టరు గారితో అక్కను నేరుగా మాట్లాడిస్తాను. ఇంతవరకూ అన్నీ బావగారే మాట్లాడారు.