అప్‌డేట్: ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడుస్తుంటే విండో బిగుసుకుపోయే సమస్య తీరింది

అమీర్‌పేటలో ఒక పెళ్లి వీడియోల స్టూడియో కోసం లినక్స్ మీద పైథాన్ భాషలో, విండోలూ బటన్లూ తయారుచేసే పైక్యూటీ లైబ్రరీతో యాప్ రాస్తున్నానని, నాలుగైదు ఫైళ్లను ఒకేసారి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో (వీడియోల ఫార్మాట్ మార్చే ప్రోగ్రామ్) మారుస్తుంటే విండో కదలడం లేదని అడిగాను కదా. ఇప్పుడు సాఫీగా నడుస్తోంది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పనిచేసింది క్యూప్రాసెస్ సలహా. ఇది వేరే ప్రోగ్రామ్‌ను నడపడానికి పైక్యూటీలోనే ఉన్న సాధనం. అదే పనికి పైథాన్‌లో ఉండే సబ్‌ప్రాసెస్ రన్ మాత్రం పని పూర్తయ్యేదాకా అక్కడే ఆగుతుంది. క్యూప్రాసెస్ స్టార్ట్ వెంటనే తిరిగొచ్చి, పని ముగిశాక ఫినిష్డ్ సిగ్నల్ ఇస్తుంది.

అంతకుముందు ఆగకుండా తిరిగొచ్చే పైథాన్ పీఓపెన్ వాడి చూస్తే విండో కదిలింది కానీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మధ్యలో ఆగిపోయేది. అసలు తలనొప్పి ఇదే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రెస్ అంతా ఎస్‌టీడీఎర్‌లోకి (ఎర్రర్ మెసేజ్‌లు వెళ్లే దారి) రాస్తుంది. దాన్ని మన యాప్‌కు చేర్చే పైపును ఎవరూ చదవకపోతే, లినక్స్‌లో మామూలుగా 64 కేబీ నిండగానే రాసే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. మురుగు నాలా పూడుకుపోతే వానకి మన వీధులకు పట్టే గతే! క్యూప్రాసెస్‌లో రెడీరీడ్‌స్టాండర్డ్‌ఎర్రర్ సిగ్నల్ (చదవడానికి కొత్త మెసేజ్ వచ్చిందనే కబురు) రాగానే చదివేస్తే సరిపోయింది.

క్యూప్రాసెస్ ఆబ్జెక్టులను ఒక లిస్టులో దాచుకోండి. లేదంటే పైథాన్ వాటిని తుడిచేస్తుంది, నడుస్తున్న ప్రాసెస్ కూడా చస్తుంది.

ర్యామ్ పెంచితే పోతుందేమో అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఒక్కటే చాలా ప్రాసెసర్ కోర్లు వాడేస్తుంది కాబట్టి ఒకసారికి రెండే నడుపుతున్నాను, మిగతావి క్యూలో ఉంటాయి.